లూసియా మీ చేను చూసి వెళ్లింది

మస్తానన్నా,

నువ్వు ఏళ్ల తరబడి పిలిచిన అర్జెంటీనా శాస్త్రవేత్త లూసియా ఈ నెల్లో రేణిగుంటలో విమానం దిగింది. నువ్వు పోయి ఇంకా ఏడాది నిండలేదు. వేరుశనగ ఆకుమచ్చ తెగులు మీద వాళ్ల ల్యాబు, మన ల్యాబు కలిసి పనిచేయాలన్న నీ కోరిక తీరుతుందని సంబరపడ్డాను.

రెండు దేశాల అధికారులు హోటల్లో సంతకాలు చేసి ఫోటోలు దిగారు. మన పరిశోధన పొలంలో అడుగుపెట్టడానికి మాత్రం ఆమెకు అనుమతి రాలేదు. వారమంతా సమావేశాల్లోనే కూర్చోబెట్టాం. ఎప్పుడడిగినా డైరెక్టరుగారు, "ఫైలు పైన ఉండాదమ్మా, నన్నేం చేయమంటావు?" అనేవారు. ఆమె ముఖం చూడలేకపోయాను.

చివరిరోజు సెలవు పెట్టి, నగరి దగ్గర మీ అన్న ఖాదర్ చేనికి ఆమెను తీసుకెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని ఆకులు తిప్పి తిప్పి చూసింది కానీ ఒక్కటీ తుంచలేదు. తిరిగొచ్చేముందు బోరు దగ్గర చెప్పులు రుద్ది రుద్ది కడిగింది.

"మన మన్ను అంటితే ఏమైతాదమ్మా?" అన్నాడు మీ అన్న.

"ఇక్కడి తెగులు వాళ్ల దేశానికి పోకూడదని, ఖాదరన్నా."

"ఇంత జాగ్రత్త మనిషినా మీవోళ్లు చేన్లోకి రానీలేదు?"

ఆమె వెళ్లిపోయాక, ఇవాళ అనుమతి వచ్చింది. అప్పట్లో నువ్వు పెట్టిన దరఖాస్తు కదా, నీ పేరు మీద వచ్చింది. నువ్వు లేవు కాబట్టి చెల్లదట, మళ్లీ మొదటినుంచి అడగాలట. ఆ దరఖాస్తే మళ్లీ తీసి, ఆహ్వానించేవారి పేరు దగ్గర నీ పేరు తీసేసి నాది రాశాను.

సుగుణ