ట్రక్కు అద్దాలకు మేజోళ్ళు

టెనెసీ, ఏప్రిల్ 4

ఇడెల్లా,

నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, బెంగపడకు. పెరట్లో నువ్వు నాచేత పోరి పెట్టించిన చెక్కపెట్టెలో నీలిపిట్టలు గూడు కట్టాయి. ఆడది నాలుగు గుడ్లు పెట్టింది. మగదానికే మతిపోయింది. మన ట్రక్కు పక్క అద్దంలో తన నీడని చూసుకుని, ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని పొద్దస్తమానం పొడుస్తోంది. దాని ముక్కు విరుగుతుందేమోనని రెండు అద్దాలకీ మేజోళ్ళు తొడిగాను. పక్కింటి హార్లన్ కంచె మీంచి చూసి, "ఏంటి క్లోవిస్, బండికి జలుబు చేసిందా?" అని ఒకటే నవ్వు. మర్నాడు ఆ పిట్ట వాడి అద్దం మీద పడింది. ఇవాళ వాడి బండికీ మేజోళ్ళే. ఇప్పుడు నవ్వడం నా వంతు.

బీన్స్ గింజలు ఎంతసేపు నానబెట్టాలి? నిన్న వండితే రాళ్ళలా ఉన్నాయి. అక్కడ మీ అక్క విరిగిన కాలు ఎలా ఉంది? నేను అడిగానని చెప్పు.

అసలు సంగతి చివరికి రాస్తున్నాను. ఆ మేజోళ్ళు నువ్వు క్రిస్మస్‌కి కొనుక్కున్న ఊలువి. తిట్లు ఉత్తరంలో రాయకు. ఇంకో రెండు వారాల్లో పిట్టపిల్లలు గుడ్లలోంచి బయటికొస్తాయి, ఆలోపే వచ్చి ఎదురుగా తిట్టు.

నీ క్లోవిస్