అడుగున పేరు లేని మాట

గ్వాంజు నగరంలో కాపురముంటున్న నేను, తాక్ యోనోక్, చరిత్ర శాఖలో పదవీ విరమణ చేసిన ప్రొఫెసర్ని. మోకాళ్లు తప్ప మిగతావన్నీ సవ్యంగా, బుద్ధి స్థిరంగా, కోపం అంతకంటే స్థిరంగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేవీ చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా మేనకోడలు మిరిన్‌ది.

1. నా ఫ్లాటు, బ్యాంకులో మిగిలినది మిరిన్‌కు చెందుతాయి. బాల్కనీలోని సోయా ముద్ద జాడీలు కూడా దానికే. రుచి చూడకుండా పారబోస్తే దయ్యమై వస్తాను.

2. కిమ్చీ ఫ్రిజ్ పక్కింటి యోమ్ బోంగ్నం గారికి. ఆమె పెట్టే కిమ్చీ పచ్చడిలో ఉప్పెక్కువని ఇన్నేళ్లూ అన్నాను. ఎక్కువే. అయినా ఒక్క చలికాలమూ ఆమె నా వాటా మరిచిపోలేదు.

3. ఇక అసలు సంగతి. పాత పింగాణీ బట్టీ తవ్వకంలో నేను గీసిన పటాలు, వాటి మీద సర్వహక్కులు నా శిష్యుడు, ఇప్పటి శాఖాధిపతి గుక్ చోల్మిన్‌కు చెందుతాయి. అతని పాఠ్యపుస్తకం కొత్త కూర్పుకు అవి లేనిదే గడవదు. కానీ షరతుంది.

ఆ బట్టీని శత్రువులు తగలబెట్టారని లోకమంతా నమ్మే రోజుల్లో, కాదు, పైన్ కట్టెలు కరువై కుమ్మరులే వదిలి వెళ్లారని చెప్పినవాడు నా సహోద్యోగి ప్యో గిల్చన్. బూడిద జల్లెడ పట్టి చూపించాడు: చివరి రోజుల నాటి పై పొరల్లో పైన్ బొగ్గే లేదు, అంతా పిచ్చికంప. సభలో పెద్దలు పగలబడి నవ్వారు. "బూడిదలో పోసిన పన్నీరయ్యా నీ చదువు!" అని ఒకాయన ఎకసెక్కమాడాడు. గిల్చన్ మళ్లీ ఏ సభకూ వెళ్లలేదు. అతను పోయాక అదే మాట చోల్మిన్ పుస్తకంలోకెక్కింది: "జుజీహదసిపి, కట్టెలు కరువై బట్టీ మూతబడింది." జుజీహదసిపి అంటే ‘అందరికీ తెలిసినట్టే’ అని, మా పండితుల ఊతపదం. అడుగున ఫుట్‌నోట్ లేదు.

నిలదీస్తే, "అది బడిపిల్లలకు కూడా తెలుసు కదా మేడం! సూర్యుడు తూర్పున ఉదయిస్తాడనడానికి ఎవరి పేరైనా రాస్తామా?" అన్నాడు. సియోల్లో హాన్ నది పారుతుందన్న ముక్కకు తన మొదటి వ్యాసంలో మూడు ఫుట్‌నోట్లు పెట్టిన ఘనుడు! వాటిని కొట్టేసింది నేనే.

ఒరేయ్ చోల్మిన్, ఆ బడిపిల్లలకు ఎలా తెలిసింది? నీ పుస్తకం చదివి! నదిని వంతెన మీద నిలబడి ఎవరైనా చూడొచ్చు, దానికి ఎవరి పేరూ అక్కర్లేదు. ఏ మాట అన్నందుకు ఒక మనిషి నవ్వులపాలయ్యాడో, ఆ మాట అడుగున ఆ మనిషి పేరుండి తీరాలి. కొత్త కూర్పులో గిల్చన్ పేరు అచ్చయితేనే పటాలు నీవి. లేకపోతే ఊరి మ్యూజియానికి పోతాయి. ముందుమాటలో కృతజ్ఞతలు చెప్తానంటే ఒప్పుకోను. ఆ వాక్యం కిందే ఉండాలి.

4. నా మంచం పక్కనున్న గిల్చన్ జల్లెడను నాతో పాటు దహనం చేయాలి. అది నా గదిలో ఎందుకుందని మిరిన్ అడుగుతుంది. మేమిద్దరం ఒకరి మీద ఒకరం ప్రాణాలు పెట్టుకున్నామని శాఖలో అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే కాబోలు, ఎవరూ ఎక్కడా రాయలేదు. నేను రాస్తున్నాను. ఆధారం: తాక్ యోనోక్, వీలునామా, నాలుగో అంశం.

2019 నవంబరు 14, గ్వాంజు.

(సంతకం, ముద్ర) తాక్ యోనోక్

సాక్షులు, విన్నవాళ్లు కాదు, కళ్లారా చూసినవాళ్లు:
సోక్ హ్యేజూ, మందుల షాపు
బాంగ్ జేగు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్