మంచం నుంచి పొయ్యికి పదకొండు అడుగులు

పటాలము కమాండింగ్ ఆఫీసరు గారి సముఖమునకు,
పారాచూట్ల మడత గదిలో ముప్ఫై ఏడేళ్ళుగా పని చేయుచున్న పెద్ద మడతగాడు స్వహస్తంతో వ్రాసుకున్న అర్జీ.

విషయం: సర్వీసు ఏడు నెలలే మిగిలి ఉండగా నా మీద వేసిన బదిలీ ఉత్తర్వును నేను పుచ్చుకోను అని తెలియజేయుట గురించి.

అయ్యా,

ముందు తొమ్మిదేళ్ళ నాటి మాట మనవి చేసుకుంటాను. అది చెప్పకపోతే మిగతాది తమ తలకెక్కదు.

1. తొమ్మిదేళ్ళ కిందట నన్ను ఈ ఊరికి బదిలీ చేసి వరస చివరనున్న క్వార్టరు ఇచ్చారు. నా భార్యకు అప్పటికే చూపు సగం పోయింది. ఆ సంగతి ముందే తెలియపరచుకున్నాను. పాత క్వార్టరులో వంటగదికి మెట్టు లేదు. ఇక్కడ ఉంది. వచ్చిన మూడో రోజున మరుగుతున్న నీళ్ళ గిన్నెతో ఆవిడ ఆ మెట్టు మీద పడింది. చెయ్యి విరిగింది, కాలు కాలింది. మెట్టు తీయించమని అడగటానికి వెళితే, ఇప్పుడు తమరు కూర్చున్న కుర్చీలోనే అప్పుడు కూర్చున్న దొరగారు ఫైలులోంచి తల ఎత్తకుండా, "మెట్టు చూసుకుని నడవమని చెప్పవయ్యా" అన్నారు. కళ్ళు కనపడని మనిషిని చూసుకుని నడవమన్నారు. ఆయన రిటైరై వెళ్ళిపోయారు. ఆ మాట మాత్రం పోలేదు.

2. ఆ రోజే ఆఫీసు గుమాస్తా, అందరూ ముద్రగారు అని పిలిచే ఆయన, మెట్టు గురించి అని ఒక కాగితం, దాని కింద ఇంకొక కాగితం నా ముందు పెట్టారు. ఈ రెండోది ఏమిటని అడిగాను. "రెండూ నీవేలే, పెట్టవయ్యా బాబూ, నాకు అవతల పనుంది" అన్నారు. అప్పట్లో నాకు పేరు వ్రాయటం, మా గది చీటీలు నింపటం మాత్రమే వచ్చు. పొడుగు కాగితమైతే కూడబలుక్కోవాల్సి వచ్చేది; ఆ దెబ్బతోనే తరవాత బాగా నేర్చుకున్నాను. చెయ్యి విరిగిన మనిషిని ఆసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టి వచ్చాను. రెండింటి మీదా సంతకం పెట్టాను. మెట్టు కాగితం ఏ గంగలో కలిసిందో తెలియదు. రెండోది మాత్రం భద్రంగా ఉంది. సర్వీసు ఆఖరి సంవత్సరంలో ఇష్టం లేనివాణ్ణి కదపరాదు అనే రూలు ఉన్నది. ఆ రూలు నాకు అక్కరలేదు, ఎక్కడికి పంపినా పోతాను అని అందులో వ్రాసి ఉందట. ఈ నెల రెండో తేదీన ముద్రగారు దాన్ని నా ముఖం ముందు ఆడించారు. "సంతకం నీదేనా, కాదా?" నాదే. కాదనను.

మెట్టు నేనే పగలగొట్టి సిమెంటుతో వాలు చేసుకున్నాను. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినందుకు మెమో ఇచ్చారు. మెమో ఇవ్వటానికి రెండు రోజులు కూడా పట్టలేదు. దాచుకున్నాను.

3. తమరూ దూకే మనిషే గనుక మా గదిలో సంతకమంటే ఏమిటో తమకు వేరే చెప్పనక్కరలేదు. అయినా చెబుతాను. పారాచూటును మేము గొడుగు అంటాము. గొడుగు మడిచినవాడు చీటీ మీద తేదీ వేసి, పేరు వ్రాసి, సంచీ జేబులో దోపుతాడు. ఆఫీసరు ఏ రోజైనా ఏదో ఒక సంచీ మీద వేలు పెట్టి "నీదేగా, తగిలించుకుని దూకు" అనవచ్చు. దూకాల్సిందే. నేను ఏడుసార్లు దూకాను, ఆఖరుది యాభై ఒకటో ఏట. గొడుగు గుడ్డకున్న ఇరవై ఎనిమిది రెక్కల్లో ఒక్కదాని మీద అనుమానం వచ్చినా, మడత కదలకుండా పెట్టిన ఇసుక సంచులన్నీ తీసి మొదటి నుంచీ మడిచాను. నేను మడవనిదాని మీద ఏనాడూ పేరు వ్రాయలేదు. వ్రాసింది ఆ ఒక్క కాగితం మీదే. అది నా తప్పు. ఒప్పుకుంటున్నాను.

మరి ఈ ఉత్తర్వు మడిచినవారు ఎవరు? కింద సంతకంలా ఒక గీత ఉంది, "కమాండింగ్ ఆఫీసరు తరఫున" అని ఉంది. పేరు లేదు. మా గదిలో పేరు లేని సంచీని తాకను కూడా తాకము.

4. ఇప్పుడు అసలు సంగతి. నా భార్యకు చూపు పూర్తిగా పోయి అయిదేళ్ళు. ఈ క్వార్టరు ఆవిడకు చేతివేళ్ళతో తెలుసు. మంచం నుంచి పొయ్యికి పదకొండు అడుగులు, మలుపులో గోడకు ఒక మేకు, అక్కడి నుంచి నీళ్ళ కుండకు రెండు అడుగులు. వంట తనే చేస్తుంది. నన్ను గిన్నె కూడా ముట్టనివ్వదు. నేను స్టూలు జానెడు జరిపితే, "ఎవరు జరిపారు? మీరే. ఈ కొంపలో ఇంకెవరున్నారు జరపటానికి" అని పొద్దుపోయేదాకా సాధిస్తుంది. సాధించనివ్వండి. ఆ ఇంట్లో ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోదు.

రిటైరయ్యాక క్వార్టరు వదలాలి గనుక ఊరి చివర రెండు గదులు కట్టుకుంటున్నాను. తీసిపారేసిన గొడుగు తాడు తెచ్చి క్వార్టరంతా కొలిచి, పొయ్యి దగ్గర ఒక ముడి, తలుపు దగ్గర ఒక ముడి వేసుకున్నాను. మేస్త్రి తల బాదుకున్నాడు.

"ఏం పెద్దాయనా, ఇంత దిక్కుమాలిన ప్లాను నేనెక్కడా చూడలేదు. తలుపు ఇటు పెడితే గాలాడుతుంది."

"గాలితో నాకు పని లేదు. ముడి ఎక్కడుంటే తలుపు అక్కడే."

"గవర్నమెంటు క్వార్టరు మీద అంత మోజేంటయ్యా నీకు?"

గోడలు నడుం ఎత్తు లేచాక ఆవిడను తీసుకువెళ్ళి, మంచం వేయబోయే చోట నిలబెట్టి చెయ్యి వదిలేశాను. తడుముకోకుండా నడిచింది. మలుపులో ఆగి గోడ మీద చెయ్యి ఆడించి, "మేకేదీ?" అంది. మర్నాడు నేను వెళ్ళేసరికి మేకు కొట్టి ఉంది. ఎత్తు కూడా సరిపోయింది.

కప్పు పడటానికి ఇంకా నాలుగు నెలలు కావాలి.

5. తమ ఉత్తర్వు ప్రకారం పదిహేడో తేదీకి క్వార్టరు ఖాళీ చేయాలి. పోవలసిన చోట సిపాయిల బ్యారక్‌లో మంచం ఇస్తారు, కుటుంబాన్ని రానివ్వరు. అంటే ఆవిడను ఎవరింట్లోనో, ఏ గోడ ఎక్కడుందో తెలియని గదిలో, ఒకరు మంచినీళ్ళిస్తే తాగేటట్టు కూర్చోబెట్టి నేను పోవాలి. "ఏడు నెలలేగా పెద్దాయనా, కళ్ళు మూసుకుని వెళ్ళిరా" అన్నారు ముద్రగారు. మా ఇంట్లో ఒకరు మూసుకున్నది చాలు అన్నాను. ఆయన తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు.

కారణం "అనుభవజ్ఞుల ఆవశ్యకత" అని వ్రాశారు. అక్కడ మడతగాళ్ళు నలుగురున్నారు. నలుగురికీ నేనే నేర్పాను. వాళ్ళ చేతులు ఇప్పుడు నా చేతులకన్నా బాగా ఆడుతున్నాయి. ఈ మాట వ్రాయటానికి నాకు ప్రాణం ఒప్పలేదు. నిజం గనుక వ్రాశాను.

కాబట్టి నేను పోను. అనారోగ్యమని దొంగ సర్టిఫికెట్టు పెట్టమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను. పోను, అంతే. శిక్ష వేస్తే ఇక్కడే వేయండి, ఆ క్వార్టరులో ఉండి అనుభవిస్తాను. ఉత్తర్వు రద్దు చేస్తే పేరు వ్రాసి చేయండి. చేయకపోయినా పేరు వ్రాసే చేయండి.

ఈ అర్జీని ఒకరి చేత చదివించుకోక తమరే చదివి చిత్తగించవలెను.

ముప్ఫై ఏడేళ్ళూ తమ విధేయుడే,
పెద్ద మడతగాడు

మళ్ళీ వ్రాయునది: ఇదంతా ఆవిడకు చదివి వినిపించాను. "స్టూలు సంగతి ఆయనకెందుకు" అని కోప్పడింది. అయినా నేను ఆ మాట కొట్టివేయలేదు.

ఇంకొకటి. పద్నాలుగో తేదీన తమరు దూకుతున్నారు. తమరి గొడుగు మడిచింది నేనే. ఉత్తర్వు నా చేతికి వచ్చిన రెండో తేదీ మధ్యాహ్నమే మడిచాను. చేతులు వణికాయి, కోపంతో. అందుకని మొత్తం విప్పి, బయటికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి, మళ్ళీ మొదటి రెక్క నుంచీ మడిచాను. చీటీ మీద నా పేరు ఉంది. ఇది బెదిరింపు కాదు. అనుమానముంటే నా ముందే విప్పించుకోండి, లేదా నన్నే దానితో దూకమనండి, దూకుతాను.

అయితే దూకకముందు మాత్రం నాకు జవాబు ఇవ్వవద్దు. భయపడి ఇచ్చారని ఎవరూ అనకూడదు. క్షేమంగా దిగండి, ఒక రోజు నడుం వాల్చండి. పదహారో తేదీ సాయంత్రం అయిదు గంటలకల్లా, కింద తమ పేరు వ్రాసిన జవాబు నాకు అందాలి.