లీల పాడిన హారతి టేపు

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
అక్టోబర్ 11, 2009

లీలకి,

నీ ప్రసూన రాస్తున్నది. మా ఆయనా నేనూ బాగానే ఉన్నాం. హెర్న్‌డన్‌లో నువ్వూ, రవికుమార్ గారూ, మీ అనన్యా చల్లగా ఉన్నారని తలుస్తాను. పాతికేళ్లుగా న్యూ ఇయర్ కార్డు మీద సంతకం తప్ప ఒక్క మాటైనా రాయనిది ఇప్పుడింత ఉత్తరం రాసిందేమిటా అనుకుంటావు. ఇందులో పెట్టిన సీడీ గురించి చెప్పాలి.

ఆగస్టులో కంపెనీ వాళ్లు నన్ను ముందుగానే రిటైర్ చేసి పంపించారు. బేస్‌మెంట్‌లో మూడు పెట్టెల క్యాసెట్లున్నాయి. పాడైపోకముందే కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని కూర్చున్నాను. టేపులోని శబ్దాన్ని కంప్యూటర్‌కి అర్థమయ్యే అంకెలుగా మార్చే కన్వర్టర్ ఒకటి కావాలి. మొదట కంప్యూటర్‌కే ఉన్న మైకు కన్నంలో వైరు పెట్టి చూశాను. పాటకన్నా బుసే ఎక్కువ. తర్వాత అగ్గిపెట్టెంత యూఎస్‌బీ కన్వర్టర్ కొన్నాను. బుస తగ్గింది గానీ, గొంతు పెరిగిన చోటల్లా శబ్దం పగిలిపోయింది.

మూడో పెట్టెలో నీ టేపు దొరికింది. నీ చేతిరాతే: హారతి, ఫిబ్రవరి 84. నీకప్పుడు ఏడో నెల. డాక్టర్ మంచం దిగొద్దన్నాడని, మన తెలుగు సంఘం ఉగాదికి పాడేవాళ్లని ఎంచే రోజు రాలేక, ఇంట్లోనే రికార్డ్ చేసి పంపావు. పాటకి ముందు నీ మాటలున్నాయి. ఏవండీ, ఎర్రలైటు వెలిగిందా అంటావు. వెలిగింది, పాడు అంటారాయన. వెనకాల కుక్కర్ కూత.

ఆ కూత వినగానే, చదువుకునే రోజుల్లో యిప్సిలాంటి ఊళ్లో మనం ఉన్న అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. ఇద్దరికీ కలిపి ఒకే జత స్నో బూట్లు. ముందు క్లాసున్నవాళ్లకి బూట్లు, రెండోవాళ్లకి మూడు జతల మేజోళ్లు. గిన్నెలు కడిగే వంతు నాదైతే, నువ్వు పక్కన గట్టుకి ఆనుకుని, మీ అమ్మమ్మ నేర్పిన ఈ హారతే పాడేదానివి. చివరి గిన్నె అయ్యేదాకా ఆపొద్దనేదాన్ని.

తర్వాత పాట మొదలైంది. గొంతు ఊగుతోంది. పద్మనాభం గారింట్లో ఎంపిక మీటింగ్ రోజు ఊగినట్టే.

ఆ రోజు కూడా నా ఈ క్యాసెట్ డెక్ మీదే నీ టేపు పెట్టాం. మొదటి చరణం కాకముందే సంఘం పెద్దగా పద్మనాభం గారు, "గొంతు నిలబడటం లేదమ్మా, పాపం ఒంట్లో బాగాలేదేమో" అన్నారు. ఎవరో నవ్వారు కూడా. సాయంత్రం నీకు ఫోన్ చేసి చెప్పాను. నువ్వు ఒక్క మాటే అడిగావు. "ప్రసూనా, నువ్వు ఇంజనీరువి. నీకెలా వినిపించింది?" నాకూ అలాగే వినిపించిందన్నాను. ఆ తర్వాత నువ్వు పాడగా విన్నవాళ్లు లేరు. అనన్య పుట్టాక చూడటానికి నన్ను రమ్మనలేదు. ఏడాది తిరక్కుండా వర్జీనియా వెళ్లిపోయారు.

ఇప్పుడు మళ్లీ ఊగేసరికి, తప్పు ఈ చిన్న కన్వర్టర్‌దే అనుకుని పెద్దది కొన్నాను. శబ్దాన్ని ఇంకా సన్నగా కొలుస్తుందట. అదీ ఊగింది. వెనక్కిచ్చేసి ఇంకో కంపెనీది తెచ్చాను. అదే కథ.

మా వీధిలో గౌరీశంకర్ గారని, రేడియో స్టేషన్‌లో ముప్పయ్యేళ్లు రికార్డింగ్ చేసి రిటైరైన మనిషి ఉన్నారు. పిలిస్తే వచ్చి, విని, నవ్వారు. "కన్వర్టర్‌ని ఎందుకండీ తిడతారు? అది వినిపించింది వినిపించినట్టు రాసుకుంటుంది. ముందు మీ డెక్ ఓపెన్ చేయండి." విప్పితే, లోపల టేపుని తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయి ఉంది. ఆయన ఇంటికెళ్లి తన డెక్ తెచ్చారు. అదే టేపు, అదే కన్వర్టర్.

లీలా, నీ గొంతు గీత గీసినట్టు నిలబడింది. మూడు చరణాల్లో ఎక్కడా చెదరలేదు. ఎవరండీ ఈవిడ, ఇంకా పాడుతున్నారా అని అడిగారాయన. కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోయాను.

తప్పు నీ గొంతుది కాదు, నా మెషీన్‌ది. ఇది నీకు తెలియాలని సీడీ పంపుతున్నాను. అనన్యకి వినిపించు. ఆ పాట పాడినప్పుడు తనూ నీతోనే ఉంది కదా.

రవికుమార్ గారికి మా ఇద్దరి నమస్కారాలు చెప్పు.

నీ గిన్నెల వంతు నేస్తం,
జ్ఞానప్రసూన

తా.క. కవరు అంటించి, మళ్లీ చింపాను. పైన రాసింది సగమే నిజం. ఆ డెక్ నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. ఊళ్లో తెలుగువాళ్లెవరింట్లోనూ అలాంటిది లేదని ఎంత గొప్పలు పోయానో నీకు తెలుసు. అది ఊగుతోందని మీటింగ్‌కి వారం ముందే నాకు తెలుసు. అంతమందిలో నా డెక్ బాగాలేదని చెప్పడానికి నోరు రాలేదు. మీటింగ్ తర్వాత వచ్చిన శనివారమే బెల్టు మార్పించి, నీ టేపు పెట్టుకుని విన్నాను. మొన్న గౌరీశంకర్ గారి డెక్ మీద విన్నట్టే నిలకడగా ఉంది. ఉగాదికి ఇంకా మూడు వారాలుంది.

ఆ కొత్త బెల్టు కూడా పాతికేళ్లకి సాగింది. మొన్న పాట ఊగగానే నాకు తెలిసిపోయింది. అయినా కన్వర్టర్ల మీద కన్వర్టర్లు మార్చాను, ఈసారైనా తప్పు ఇంకోదానిదైతే బాగుండునని.

ఆ శనివారం నీకు ఫోన్ చేయబోయాను, లీలా. ఏడంకెల్లో ఆరు తిప్పి, పెట్టేశాను.