ముప్పై రెండు లెక్కల మౌనం

అనకాపల్లి,
12 సెప్టెంబరు 2024, గురువారం.

దేవీప్రసాద్ బావకు,

ధనరాజ్ నమస్కారాలు. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ ఇంట్లో అందరం బాగున్నాం. మన నలుగురి వాద్య జట్టు, ఆ క్వార్టెట్ ఒక్కటే బాగులేదు. నువ్వు ఫోన్ ఎత్తవు, వాట్సాప్‌లో బ్లాక్ చేశావు. అందుకే ఈ ఉత్తరం నానాజీ చేతికిచ్చి బుచ్చయ్యపేట పంపుతున్నాను.

సూటిగా అడుగుతున్నాను. ఆదివారం విశాఖలో వాయిస్తావా, వాయించవా? బిందుమాధవి, నానాజీల వయొలిన్లు, నా వయోలా ఎన్ని ఉన్నా నీ చెల్లో మంద్రస్వరం లేకపోతే ఆ రచన నిలబడదు. బిందుమాధవి ఏడాది పాటు కూర్చుని రాసింది. ఆదివారం వాయించకపోతే ఇక జట్టే లేదని చెప్పేసింది.

బెల్లం వర్తకుల కల్యాణ మండపం కచేరీలో ఏం చేశావో మరిచిపోయావా? రచన మధ్యలో ముప్పై రెండు లెక్కల మౌనం ఉంది. తాళం లేదు, సైగ లేదు. నలుగురం లోపల లెక్కపెట్టుకుని ఒక్కసారి అందుకోవాలి. ఇరవై దాటేసరికి ముందు వరసలోని తాతబ్బాయిగారు, "అయిపోనాదేటి? మరి బోజనాలకి లెగండి" అన్నారు. హాలంతా నవ్వింది. అంతే, ఆరు లెక్కల ముందే చెల్లో మోగించేశావు. నవ్వుకి లొంగిపోయావు. ఆ తర్వాత వాయింపులో ఎవరి దారి వారిది.

ఆ రోజు నేను హాల్లో పంచిన కరపత్రంలో ఏం రాశాను? శ్రోతల అలవాటుకు లొంగిన కళ బానిస కళ అని. మన జట్టుకి నాయకుడు లేడు, నలుగురం సమానం, తప్పు చేసినవాడు నలుగురికీ జవాబుదారీ అని. బయట నిలదీస్తే నువ్వేమన్నావు? "నాదే తప్పురా, ఈ గొడవ ఒగ్గీ. ఇంటికెల్లి నాలుగు ముద్దలు తిను" అన్నావు. అదా జవాబు? పోయి రిసెప్షన్ ఆర్కెస్ట్రాలో చేరమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను.

శనివారం సాయంత్రం రిహార్సల్‌కి వచ్చి లెక్క తప్పానని ఒప్పుకో. లేదంటే నిన్ను తీసేసే తీర్మానం రాసి ఉంచాను. నా సంతకం కూడా అయిపోయింది.

ఇట్లు,
రాజీ పడని
ధనరాజ్

తా.క. ఉత్తరంతో పాటు సాక్ష్యం కూడా పంపుదామని, మా చెల్లి సుమశ్రీ ఆ రోజు ఫోన్‌లో తీసిన రికార్డింగ్ ఇప్పుడే విన్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పదిసార్లు లెక్కపెట్టాను. ఇరవై ఆరో లెక్క మీద మొదట మోగింది వయోలా. నాది. ఆ నవ్వు వినగానే రోషం వచ్చి ఆరు లెక్కలు మింగేశాను. నీ చెల్లో అర లెక్క వెనకాల వచ్చింది, నా స్వరాన్ని కప్పేస్తూ. హాలంతటికీ నీదే వినబడింది.

పైదంతా చింపేద్దామనుకున్నాను. చింపితే అసలు అననట్టే అవుతుంది, అందుకే అలాగే పంపుతున్నాను. తీర్మానం మాత్రం చింపేశాను. నానాజీకి రికార్డింగ్ వినిపించాను, బిందుమాధవికి చెప్పడానికి ఇప్పుడే బయల్దేరుతున్నాను. మీరు ముగ్గురూ కలిసి నన్ను తీసేసినా మాట్లాడను. కానీ వయోలా లేకపోయినా ఆ రచన నిలబడదు. ఆదివారం దాకా నన్ను భరించు బావా.