కాఫీ తర్వాత నవ్వు

జగ్గయ్యపేట,
24-7-2005.

చిరంజీవి తమ్ముడు నవనీత్‌కు అక్క నీరజ దీవించి రాస్తున్నది. ఇక్కడ నాన్నకు దగ్గు తగ్గింది, అమ్మకు నాతో మాటలు తగ్గాయి. తక్కినదంతా కులాసాయే. నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను. కంచికచర్ల సంబంధం నేను వద్దన్నానని నీకు తెలిసే ఉంటుంది. ఎందుకో ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను.

ముందు నువ్వడిగినదానికి జవాబు. మీ హైదరాబాదు ల్యాబ్‌లో కళ్ల ముందే చుట్టూరా బొమ్మ చూపించే ఆ హెల్మెట్ పెట్టుకున్నవాళ్లకు, షాట్ కట్ చేస్తే కళ్లు తిరుగుతున్నాయని రాశావు. మా వీడియో యూనిట్ తీసే పెళ్లి వీడియోల్లో అన్ని కట్‌లున్నా ఎవరికీ ఏమీ కాదేమని అడిగావు. టీవీ చూసే మనిషి తన కుర్చీలోనే ఉంటాడు, మారేది బొమ్మ ఒక్కటే. హెల్మెట్‌లో కట్ పడితే మనిషినే ఎత్తి ఇంకోచోట పెట్టినట్టుంటుంది. నాకు తోచింది ఇంతే, తక్కింది మీ సార్లనడుగు.

ఇక రెండో ప్రశ్న. నా పెళ్లిచూపుల రోజు నువ్వు హాలు మధ్యలో అన్ని వైపులకూ కెమెరాలు పెట్టి తీసిన వీడియోను, మొన్న మీ ల్యాబ్‌లో హెల్మెట్ పెట్టి చూపించావు. చూశాక నేను పలకలేదని, కళ్లు తిరిగాయా అని అడిగావు. తిరగలేదు.

ఆ రోజే మన కెమెరామన్ ఖాదర్ వలి మామూలు వీడియో కూడా తీశాడు కదా. ఒకటే కెమెరా. నేను కాఫీ ఇస్తుంటే నన్ను తీశాడు, తర్వాతెప్పుడో ఆ కంచికచర్ల అబ్బాయి భవానీప్రసాద్ నవ్వుతుంటే అతన్ని తీశాడు. నందిగామలో మిక్సింగ్‌కు కూర్చుని నా ముఖం తర్వాత ఆ నవ్వు అతికించాను. ప్రతి పెళ్లికీ చేసే పనే, చెయ్యి దానంతటదే చేసేసింది. క్యాసెట్ చూసి అమ్మ, "చూడవే, నిన్ను చూసి పిల్లాడు ఎంత మురిసిపోయాడో" అంది. మళ్లీ మళ్లీ చూశాక నేనూ నమ్మాను. అతికించింది నేనే అయినా నమ్మాను.

హెల్మెట్‌లో అతుకులు లేవు. తల ఎటు కావాలంటే అటు తిప్పుకున్నాను. కాఫీ అందుకుంటూ అతను వీధి గుమ్మం వైపు చూస్తున్నాడు. నేను లోపలికి వెళ్లాక కూడా అటే. వాళ్లమ్మ "ఇంక బయల్దేరదామా" అన్నప్పుడు నవ్వాడు. ఆ నవ్వే నేను అతికించింది.

ఊరికి రాగానే వాళ్ల కొట్టుకు ఫోన్ చేశాను, అతనే ఎత్తాడు. "నేను నీరజనండి. మీకీ సంబంధం ఇష్టమేనా?" అని అడిగాను.

"మా ఇంట్లో ఒక్కళ్లూ ఈ మాట అడగలేదండి" అన్నాడు. మనసులో వేరే అమ్మాయి ఉందట. "నేను వద్దంటే మా అమ్మ ఊరుకోదండి. మీ వైపు నుంచే వద్దనేస్తే ఇంక పట్టుబట్టదు" అన్నాడు.

అందుకని వద్దన్నాను. కారణమడిగితే పిల్లాడు నచ్చలేదన్నాను. "వీడియోల్లో పెళ్లికొడుకుల్ని చూసీ చూసీ దీనికి ఎవడూ కంటికి ఆనట్లేదు" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. చెప్పనీ. నా తరఫున నువ్వు వకాల్తా పుచ్చుకోవద్దు. ఆ అబ్బాయి సంగతి బయటపడితే వాళ్లింట్లో గొడవ.

శ్రావణం రాగానే ఇంకో సంబంధం చూస్తారట. కొన్నాళ్లు ఆగమని నాన్నకు నువ్వు చెప్పాలి. యూనిట్‌లో పని ఎక్కువగా ఉందని చెప్పు. నచ్చలేదన్నది అబద్ధంరా. అతను నాకు చాలా నచ్చాడు.

ఇట్లు,
నీ అక్క
నీరజ