అడిగితే బతకని మొక్క

బాపట్ల,
12-11-2003

సౌభాగ్యవతి మైథిలి వదినగారికి,

రాజరాజేశ్వరి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. రేపల్లెలో మీరూ అన్నయ్యగారూ క్షేమమని తలుస్తాను.

మన మనవరాలి అన్నప్రాశనకి మీరు వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళటం ఎంతో సంతోషం. పిల్ల పుస్తకం, బంగారం వదిలేసి కత్తి పట్టుకుంటే అంతా అమ్మమ్మ పోలిక అన్నారు. నేను మాత్రం ఏమీ అనలేదు.

విషయం ఏమిటంటే, మీరు వెళ్ళినప్పటి నుంచీ మా హాల్లో ఒకటి తగ్గింది. పేరు పెట్టి అడగటం వియ్యపురాళ్ళ మధ్య బాగుండదు. అది మావారు తెనాలి స్టేషన్ బయట కొని తెచ్చింది. ఆయన పోయి రెండేళ్ళయింది, నాకు ఆయన గుర్తుగా మిగిలింది అదొక్కటే. అంతకన్నా చెప్పను.

ఫోన్ చేద్దామంటే ఫోనూ హాల్లోనే ఉంది, మీ అమ్మాయి గీతికా హాల్లోనే ఉంటుంది. అందుకని ఉత్తరం.

ఇట్లు,
రాజరాజేశ్వరి

తా.క.: తెలియక మీ సంచిలో పడిపోయి ఉంటుందని మా అందరి నమ్మకం. నా నమ్మకం ఇంకా ఖాయం కాలేదు.


రేపల్లె,
17-11-2003

పూజ్యులైన వదినగారికి,

మైథిలి నమస్కరించి రాసేది. మీ ఉత్తరం చదివి సంచి బోర్లించి దులిపాను. మీరు బొబ్బట్లు పెట్టిచ్చిన స్టీలు డబ్బా ఒకటి దొరికింది. అది అన్నయ్యగారి గుర్తని నాకెలా తెలుస్తుందండీ, మూత మీద మీ ఆడపడుచు పేరు చెక్కి ఉంటే? మా మిల్లు లారీ డ్రైవరు లూకా అటే వస్తున్నాడు, అతని చేత పంపుతున్నాను. ఖాళీ డబ్బా పంపకూడదని కొబ్బరి లౌజు పెట్టాను.

ఎలాగూ కాగితం తీశాను కాబట్టి నా మాటా చెప్పేస్తాను. తెనాలిలో రైలు మారుతూ, మార్కెట్టు దాకా నడిచి, పొడుగు కాడలతో లిల్లీ పూలు తెచ్చాను. కాడ చివర ఏటవాలుగా కోసి, చిటికెడు పంచదార వేసి, రోజూ నీళ్ళు మారిస్తే వారం రోజులు హాలంతా ఘుమఘుమలాడేవి. నేను స్నానం చేసొచ్చేసరికి మీరు కాడలు అవతల పారేసి, పూలు దూసి, దండ గుచ్చి దేవుడి పటానికి వేసేశారు. నేనేమన్నా అన్నానా? అనలేదు. ఇప్పుడంటున్నాను.

మీ
మైథిలి

తా.క.: పోయింది డబ్బా కాకపోతే పేరు పెట్టి అడగండి. అడిగిన దానికి నేను అబద్ధం చెప్పను.


బాపట్ల,
22-11-2003

వదినగారికి,

నమస్కారాలు. డబ్బా చేరింది. లౌజు బాగుంది, పాకం కాస్త ముదిరింది.

పూలంటే దేవుడికో జడకో. వాటిని నీళ్ళలో నిలబెట్టి చూస్తూ కూర్చోవటానికి మాదేమన్నా హోటలా?

ఇక పేరు పెట్టే అడుగుతున్నాను. మా మనీ ప్లాంటు. టీవీ మీద హార్లిక్స్ సీసాలో మొదలై, గోడల మేకులు పట్టుకుని హాలంతా తిరిగి దేవుడి పటం దాకా వచ్చిన తీగ ఇప్పుడు గడియారం దగ్గరే ఆగిపోయింది. మూరెడు కొస లేదు. కోసిన చోట చూస్తే ఏటవాలుగా ఉంది. ఏటవాలుగా కోసే మనుషులు మా బాపట్లలో లేరు.

ప్రతి ఆదివారం ఆయన సీసాలో నీళ్ళు మార్చేవారు. తన పాత పంచె గుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచేవారు. ముప్ఫై ఏళ్ళు హెడ్మాస్టరు చేసి, బళ్ళోంచి సుద్దముక్క ఇంటికి తేని మనిషి. పరాయి సొమ్ము గుండుసూది కూడా ముట్టుకోలేదు. అలాంటి వేంకటసుబ్రహ్మణ్యం గారి తీగ మీద కత్తెర పెట్టటానికి మీకు చేతులెలా వచ్చాయి?

రాజరాజేశ్వరి

తా.క.: మనవరాలు ఎందుకు కత్తి పట్టుకుందో ఇప్పుడు అర్థమైంది.


రేపల్లె,
27-11-2003

వదినగారికి,

మైథిలి రాస్తున్నాను. ఇక్కడ క్షేమం. మీ కోపం తగ్గితే అక్కడా క్షేమమే.

తీశాను. కత్తెర కాదు, గోరుతోనే తుంచాను. ఏంటి తప్పు? మనీ ప్లాంటు అడిగి తెచ్చుకుంటే బతకదు, బతికినా అచ్చిరాదు. దొంగిలించి తెచ్చుకుంటేనే ఇంటికి కలిసొస్తుంది. ఈ సంగతి రేపల్లెలో రిక్షా తొక్కేవాడికీ తెలుసు. నేను మిమ్మల్ని అడిగి, మీరు ఇచ్చి, అది చచ్చిపోతే ఆ పాపం ఎవరిది? మీ మీద గౌరవం కొద్దీ దొంగిలించాను.

ఇవ్వమంటే ఇవ్వను. పోలీసు రిపోర్టిస్తానన్నా ఇవ్వను. వంటింటి కిటికీలో పెట్టాను, వేళ్ళు వేసింది, రెండాకులు కూడా వచ్చాయి. మా మిల్లుకి ధాన్యం కూడా బాగానే వస్తోంది.

ఇంకొక్క మాట. అన్నయ్యగారి గుండుసూది సంగతి నా దగ్గర ఎత్తకండి. నాకు తెలిసింది నాకు తెలుసు. పోయినాయన గురించి నా నోటితో చెప్పించకండి.

మైథిలి

తా.క.: మీ ఆడపడుచు డబ్బా మీ ఇంటికెలా వచ్చిందో నేను అడగలేదు, గమనించండి.


బాపట్ల,
4-12-2003

మైథిలి గారికి,

వదిన అని రాయటానికి చెయ్యి రావటం లేదు. మీకు తెలిసిందేమిటి? ఆయన పదో తరగతి పరీక్షలకి రెండుసార్లు రేపల్లె డ్యూటీకి వచ్చారు. అప్పటి సంగతా? ఎవరైనా ఆడమనిషా? మీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఫోటో ముందు నిలబడి అడుగుతున్నాను. ఆయన బతికుండగా కూడా నేను అడిగినవాటికి ఇలాగే చూసేవారు.

ఆయన మీద మాట పడితే నేను ఊరుకోను. రాతపూర్వకంగా చెప్పండి, లేదా క్షమాపణ చెప్పండి.

ఇంకో సంగతి. రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను. నా మొక్క పోతోంది. మీరు తుంచాక దిష్టి తగిలిందేమోనని భయపడి బలానికి సీసాలో పలచటి మజ్జిగ పోశాను. పనిమనిషి నాగమ్మ ఎండ తగలాలంటే మేకుల మీంచి విప్పి వరండాలో పెట్టాను. ఆకులన్నీ పసుపుపచ్చగా అయిపోయాయి. వేళ్ళు పట్టుకుంటే జారిపోతున్నాయి, వాసన కూడా వేస్తోంది. నిన్న గడియారం కింద ఖాళీ మేకులు చూసి ఏడ్చాను. గీతిక చూసి, ఉల్లిపాయలు ఎవరు తరిగారత్తయ్యా అంది.

ఆ తీగలో పచ్చగా ఉన్న ముక్క మీ కిటికీలో ఉన్నదొక్కటే. అడగను. అడిగితే బతకదని మీరే రాశారుగా.

రాజరాజేశ్వరి

తా.క.: అడగటం లేదని మళ్ళీ చెబుతున్నాను.


రేపల్లె,
8-12-2003

వదినగారికి,

మీరు రాయకపోయినా నేను వదిన అనే రాస్తాను.

నీళ్ళలో బతికే తీగకి మజ్జిగేంటండీ, ఆవకాయ కూడా కలిపారా? మనీ ప్లాంటుకి నీడ చాలు, వారానికోసారి మంచినీళ్ళు చాలు. ఎక్కువ ప్రేమ చూపిస్తే కుళ్ళిపోతుంది. సరే, అయిందేదో అయింది.

రాతపూర్వకంగా అడిగారు కాబట్టి రాస్తున్నాను. మా అమ్మాయి పెళ్ళిచూపులకి మీరంతా వచ్చిన రోజు గుర్తుందా? అన్నయ్యగారు చెయ్యి కడుక్కుంటానని పెరటి వసారాలోకి వచ్చారు. నేను వంటింట్లో బజ్జీలు వేస్తున్నాను. వసారా గుంజకి మా మనీ ప్లాంటు పాకించి ఉండేది. ఆయన అటూ ఇటూ చూసి, కణుపు కింద గోరు పెట్టి, ఏటవాలుగా తుంచారు. బొక్కెనలో రుమాలు తడిపి, దాన్ని పసిపిల్లని చుట్టినట్టు చుట్టి, లాల్చీ జేబులో పెట్టుకున్నారు. తెనాలి స్టేషన్ బయట కొనలేదండీ. మా ఇంట్లో కొట్టేశారు.

ఏటవాలుగా తుంచటం నాకు నేర్పింది ఆయనే. బజ్జీలు మాడాయని మీరు మొహం చిట్లించారు గుర్తుందా, అవి అప్పుడు మాడినవే.

నేను అరవలేదు. మా ఆయన పూర్ణచంద్రరావు గారు, సంబంధం ఆలోచిద్దాం మైథిలీ, అంటుంటే, ఆలోచించేదేం లేదు, ఇచ్చేద్దాం అన్నాను. తుంచిన తీగని తడిగుడ్డలో చుట్టాలని తోచిన మనిషి ఇంట్లో నా పిల్ల వాడిపోదనుకున్నాను. వాడిపోలేదు కూడా. అందుకే ఆయన గురించి చెప్పనన్నాను. చెబితే దొంగంటారని కాదు, ఏడుపొస్తుందని. ఇప్పుడు వస్తోంది.

మా తల్లి మొక్క ఆ మరుసటేడు ఇంటికి సున్నాలు వేసేవాళ్ళ చేతిలో చచ్చింది. మీ హాల్లో దాని బిడ్డని చూసేసరికి ఆగలేకపోయాను.

అయినా చేతికి మాత్రం ఇవ్వను, అచ్చిరాదు. పదకొండో తారీకు గురువారం మేమిద్దరం చెరుకుపల్లి మా ఆడపడుచు ఇంటికి పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తాం. వీధి తాళంచెవి గుమ్మం పక్క కరివేపాకు కుండీ కింద ఉంటుంది. ఇది పిలుపు కాదు, ఊరికే చెబుతున్నాను.

మీ
మైథిలి

తా.క.: పక్కింటి సుల్తానా గారికి చెప్పాను, ఒక పెద్దావిడ దొంగతనానికి వస్తారు, అడ్డుపడకండి, టీ ఇవ్వండి అని.


బాపట్ల,
13-12-2003

నా వదినగారికి,

గురువారం నేను రేపల్లె రాలేదు. తెనాలిలో పన్ను పీకించుకోవటానికి వెళ్ళాను. గీతికకి అలాగే చెప్పాను, మీరూ అలాగే చెప్పండి.

సుల్తానా గారు ఎవరో నాకు తెలియదు. గేటు దగ్గర నిలబడి, దొంగతనానికి వచ్చింది మీరేనా అండీ అని ఎంతో మర్యాదగా అడిగారు. టీలో అల్లం బాగా వేశారు.

ఆయన బట్టల బీరువా రెండేళ్ళుగా తెరవలేదు. బుధవారం తెరిచాను. ఆ రుమాలు ఉంది. పెళ్ళిచూపుల నుంచి వస్తుంటే జేబు తడిసిందేమిటండీ అంటే, ముఖం కడుక్కున్నాను అన్నారు. తెనాలిలో రైలు మారేటప్పుడు ఇప్పుడే వస్తానని వెళ్ళి, కొన్నానంటూ మొక్కతో వచ్చారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన నాతో ఆడిన అబద్ధం అదొక్కటే అనుకుంటాను. ఇప్పుడు దాన్ని అదే రుమాల్లో చుట్టి తెచ్చాను. మజ్జిగ పోయలేదు.

ఇంకోసారి మా వారిని దొంగ అన్నారంటే ఊరుకోను. అనే హక్కు ఆయన పెళ్ళానికే ఉంది.

మీ
రాజరాజేశ్వరి

తా.క.: తీగ మొత్తం మీదేనని మురవకండి. మీరు నాకు మొదలు మిగిల్చినట్టే నేనూ కొస తుంచుకుని మీకు మొదలు మిగిల్చాను. పక్కన గాజు గ్లాసులో లిల్లీ పూలు ఎవరు పెట్టారో నాకు తెలియదు. కాడలు ఏటవాలుగానే ఉన్నాయి, పంచదార వేసే ఉంది, నీళ్ళు మాత్రం రోజూ మార్చండి.

ఇంకో తా.క.: పన్ను పీకించుకున్నానన్న పాపానికి మీ అమ్మాయి మూడు పూటలా జావ తాగిస్తోంది. ఇలా ఎన్నాళ్ళో రాయండి.